గుడ్లూ బీట్‌రూటూ సిర్కాలో (వెనిగర్‌లో) ఊరబెట్టాను, జాడీని గూట్లో పెట్టవచ్చా?

ప్రశ్న: నీలగిరి వంటిల్లు (నల్లగొండ)

అందరికీ నమస్కారం. మా ఆడబిడ్డ కుటుంబం అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉంటుంది. కిందటి సంవత్సరం మేము వెళ్ళినప్పుడు వాళ్ళ పొరుగింటివారు ఒక గాజు సీసా తెచ్చి ఇచ్చారు. వాళ్ళ పూర్వీకులు ఎన్నో తరాల కింద జర్మన్ ప్రాంతాల నుండి వచ్చి అక్కడ స్థిరపడ్డారట. ఆ సీసాలో ఉడికించి పెంకు తీసిన కోడిగుడ్లు బీట్‌రూట్ చక్రాలతో కలిసి సిర్కాలో ఊరుతున్నాయి. గుడ్డును కోసి చూస్తే అంచున మందార రంగు, లోపలికి పోయేకొద్దీ లేత గులాబీ, నడుమ పసుపు పచ్చని సొన కనిపించాయి. పుల్లగా, కొద్దిగా తియ్యగా, లవంగం వాసనతో ఉన్న ఆ రుచి మా ఇంట్లో అందరికీ నచ్చింది. బీట్‌రూట్ కూర ముట్టని మా చిన్నబాబు కూడా ఆ ముక్కలను అడిగి మరీ తిన్నాడు.

మొన్న ఆదివారం నేనే చేయాలని కూర్చున్నాను. డజను గుడ్లు ఉడికించి, రంగూ పులుపూ త్వరగా లోపలికి దిగుతాయనే ఆలోచనతో ఒక్కొక్క గుడ్డును టూత్‌పిక్‌తో నాలుగైదు చోట్ల పొడిచాను. బీట్‌రూట్ ఉడికిన నీళ్ళు రెండు పాళ్ళు, దుకాణంలో కొన్న తెల్ల సిర్కా ఒక పాలు కలిపి, దొడ్డుప్పు, చక్కెర వేసి కాచి పోశాను. నూనె తేలితే ఏ తొక్కూ చెడిపోదని మా అత్తమ్మ చెప్పడంతో, పైన రెండు వేళ్ళ మందాన పల్లి నూనె పోసి, మామిడికాయ తొక్కు జాడీలు ఉండే గూట్లోనే దీనినీ పెట్టాను. నేటికి నాలుగు రోజులయ్యాయి. రంగు చక్కగా పట్టింది, వాసనలో తేడా ఏమీ లేదు, కానీ నీళ్ళు కొంచెం మసకబారినట్లు కనిపిస్తున్నాయి.

వీటిని తినవచ్చా? లేదా నీళ్ళు వంచి, మళ్ళీ కాచి పోస్తే సరిపోతుందా? ఇంకొక సంగతి కూడా అడగాలి. పెంకు తీసేటప్పుడు సగం గుడ్లు చిట్లి తెల్లసొన ఊడి వచ్చింది, ఎందుకలా అయింది? నకిరేకల్ మార్కెట్ దగ్గరే కాబట్టి మాకు నిమ్మకాయలకు కొరత లేదు, సిర్కా బదులు నిమ్మరసం పోయవచ్చా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: నిల్వ పాఠం (సూర్యాపేట)

అమ్మా, ముందుగా ఒక్క మాట. ఆ సీసాలోని గుడ్లను తినకండి, రుచి కూడా చూడకండి, ఎవరికీ పెట్టకండి. మూత బిగించి, రెండు సంచుల్లో చుట్టి చెత్తలో వేయండి. పెరట్లో కోళ్ళకో వీధి కుక్కలకో వేయకండి. డజను గుడ్లు పారేయడం ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు, అయినా చెప్పక తప్పదు. నేను చాలా ఏళ్ళు మహిళా సంఘాల వారికి ఆహార పదార్థాల నిల్వ గురించి శిక్షణ ఇచ్చాను. మీరు చేసిన పొరపాటు తెలివైన వంటవాళ్ళే చేసే పొరపాటు, ఎందుకంటే అది మన తొక్కుల అనుభవం నుండి పుట్టింది.

మామిడికాయ తనంత తానే గట్టి పులుపు. దానికి దండిగా ఉప్పు, కారం, ఆవపిండి కలుస్తాయి, చెమ్మ తగలకుండా చూస్తాము. అందులో సూక్ష్మజీవులకు చోటు దొరకదు కాబట్టే అది గూట్లో ఏడాది ఉంటుంది. నూనె చేసే మేలల్లా గాలిని, గాలితో వచ్చే బూజును ఆపడమే. కోడిగుడ్డు సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. గుడ్డు తెల్లసొనకు క్షార గుణం ఉంటుంది, అది తనలోకి వచ్చిన పులుపును కొంత మింగేస్తుంది. పీహెచ్ అంటే పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పచ్చసొన పీహెచ్ సుమారు 6 ఉంటుంది, అంటే దాదాపు పులుపు లేనట్లే. చుట్టూ ఉన్న నీళ్ళు ఎంత పుల్లగా ఉన్నా ఆ పులుపు సొన నడిమి దాకా చేరడానికి రోజులు కాదు, వారాలు పడుతుంది.

ఆ వారాల్లో భయపడవలసింది క్లోస్ట్రిడియం బొట్యులినం అనే సూక్ష్మజీవికి. దాని బీజాలు మట్టిలో ఉంటాయి, కాబట్టి మట్టిలో పెరిగే బీట్‌రూట్ మీద కూడా ఉండవచ్చు, మామూలుగా ఉడికిస్తే చావవు. గాలి లేని చోట, పీహెచ్ 4.6 కంటే ఎక్కువగా ఉన్న చోట, వెచ్చదనం దొరికితే అవి మొలకెత్తి విషాన్ని తయారు చేస్తాయి. మీరు టూత్‌పిక్‌తో పొడవడం వల్ల వాటికి సొనలోకి దారి ఏర్పడింది, నూనె పోయడం వల్ల గాలి తగలకుండా పోయింది, మన ఏప్రిల్ ఎండల్లో గూడు కావలసిన వెచ్చదనాన్ని ఇచ్చింది. ఆ విషానికి వాసన ఉండదు, కాబట్టి వాసనలో తేడా లేదన్న మాటను నమ్ముకోకూడదు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 1997లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 68 ఏళ్ళ వ్యక్తి ఒకరు సరిగ్గా ఇలాగే, ఉడికిన గుడ్లను టూత్‌పిక్‌తో పొడిచి, బీట్‌రూట్, మిరపకాయలు, సిర్కాతో గాజు సీసాలో పెట్టి, బయటే ఉంచారు. అప్పుడప్పుడు సీసాకు ఎండ కూడా తగిలింది. ఆ గుడ్డు తిన్న తరువాత ఆయనకు వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడడం, ఊపిరి ఆడకపోవడం వరుసగా వచ్చాయి. చాలా కాలం చికిత్స పొందిన తరువాత కోలుకున్నారు. పరీక్షలో నీళ్ళలో కంటే పచ్చసొనలో విషం వెయ్యి రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది. ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం ఈ సంఘటనను 2000లో ప్రచురించింది. ఆ సీసాలోని నీళ్ళు పుల్లగానే ఉన్నాయి, పీహెచ్ 3.5. ప్రమాదమంతా సొనలోనే ఉండింది. మళ్ళీ కాచి పోస్తే సరిపోతుందా అన్న మీ ప్రశ్నకు ఇదే నా సమాధానం. మీరు నీళ్ళను కాచగలరు, సొనలో ఏం జరిగిందో మీకు కనిపించదు.

ఒకవేళ ఇంట్లో ఎవరైనా ఇప్పటికే తిని ఉంటే, కంటి రెప్పలు వాలిపోవడం, రెండుగా కనిపించడం, మాట తడబడడం, మింగలేకపోవడం వంటివి కనిపించిన మరుక్షణం పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయి, ఏం తిన్నారో డాక్టరు గారికి చెప్పండి. సాధారణంగా 12 నుండి 36 గంటల్లో లక్షణాలు మొదలవుతాయి, కానీ కొన్ని రోజుల తరువాత కూడా రావచ్చు.

ఇక సరైన పద్ధతి చెబుతాను. సిర్కా సీసా మీద ఎసిటిక్ ఆమ్లం (సిర్కాకు పులుపునిచ్చేది) ఎంత శాతమో చూడండి. అమెరికా పద్ధతులన్నీ 5 శాతం సిర్కాను లెక్కలో పెట్టుకుని రాసినవి. మన దేశపు ప్రమాణాల ప్రకారం కనీసం 3.75 శాతం ఉంటే చాలు, మన దుకాణాల్లో ఎక్కువగా 4 శాతం దొరుకుతుంది. అక్కడ పరీక్షించిన కొలత డజను గుడ్లకు 360 మిల్లీలీటర్ల సిర్కా, 240 మిల్లీలీటర్ల బీట్‌రూట్ రసం. అంటే 600 మిల్లీలీటర్లలో 18 గ్రాముల ఆమ్లం ఉంటుంది. మన 4 శాతం సిర్కాతో అదే 18 గ్రాములు రావాలంటే 450 మిల్లీలీటర్ల సిర్కాకు 150 మిల్లీలీటర్ల బీట్‌రూట్ నీరు మాత్రమే కలపాలి. మీరు పోసినది దీనికి తలకిందులుగా ఉంది. రెండు పాళ్ళ నీటికి ఒక పాలు సిర్కా పోస్తే ఆమ్లం 1.3 శాతమే మిగులుతుంది, కావలసినది 3 శాతం.

బీట్‌రూట్ గడ్డలను బాగా కడిగి, తోకలు కోయకుండా, ఆకు కాడను ఒక అంగుళం ఉంచి, తోలుతోనే ఉడికించండి. తోలు తీసి, కోసి ఉడికిస్తే రంగంతా మొదటి నీళ్ళలోనే కారిపోతుంది. అరగంటలో మెత్తబడతాయి. ఆ నీళ్ళను పారబోయండి, వాటికి మట్టి వాసన ఉంటుంది. తోలు ఒలిచి చక్రాలుగా కోసి, మంచి నీళ్ళలో మళ్ళీ ఐదారు నిమిషాలు మరగనిచ్చి వడగడితే చిక్కని ఎర్రటి రసం వస్తుంది, కొలత ఆ రసంతో తీసుకోవాలి. రసం, సిర్కా, రెండు చెంచాల చక్కెర, ఒక చెంచా ఉప్పు, అర డజను లవంగాలు, చిన్న దాల్చినచెక్క, పది మిరియాలు స్టీలు గిన్నెలో వేసి, సన్నని మంట మీద ఐదు నిమిషాలు మరిగించండి. ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెలను పులుపు తింటుంది, వాటిని వాడవద్దు. ఒకటిన్నర లీటరు గాజు సీసాను నీళ్ళలో పది నిమిషాలు మరిగించి, అందులో పొడవకుండా, చిట్లకుండా ఉన్న గుడ్లనూ కొన్ని బీట్‌రూట్ చక్రాలనూ పేర్చి, వేడి వేడిగా పోయండి. గుడ్లన్నీ మునగాలి. వేడి తగ్గగానే సీసాను ఫ్రిజ్‌లో పెట్టాలి, లోపల 4 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉండాలి. చిన్న గుడ్లయితే ఒకటి రెండు వారాలు, పెద్దవైతే రెండు నుండి నాలుగు వారాలు ఊరనివ్వండి. మూడు నాలుగు నెలల్లో తినేయాలి. ఈ గుడ్లను గూట్లో నిల్వ చేయడానికి ఇంట్లో చేయగల సురక్షితమైన పద్ధతి ఏదీ లేదు, ఎంత సిర్కా పోసినా, ఎంత నూనె తేలినా.

జవాబు: పెరటి కోళ్ళు (మహబూబ్‌నగర్)

పై అక్కగారు చెప్పినదానికి చేర్చడానికి నా దగ్గర పెంకు సంగతి ఒక్కటే ఉంది. మా ఇంట్లో నాటు కోళ్ళు ఉన్నాయి. అప్పుడే పెట్టిన గుడ్డును ఉడికించి ఒలిస్తే తెల్లసొన పెంకుకు అంటుకుని ముక్కలుగా వస్తుందని మాకు చిన్నప్పటి నుండీ తెలుసు. గుడ్డు పెట్టిన తరువాత దానిలోని బొగ్గుపులుసు వాయువు పెంకు రంధ్రాల గుండా మెల్లగా బయటికి పోతుంది, దానితో తెల్లసొన క్షార గుణం పెరిగి, పెంకు లోపలి పొరను వదులుతుంది. అందుకని ఊరబెట్టడానికి వారం, పది రోజులు ఫ్రిజ్‌లో ఉంచిన గుడ్లే మంచివి. మీరు తెచ్చిన గుడ్లు బహుశా మరీ తాజావి అయి ఉంటాయి.

చల్లని నీళ్ళలో వేసి మెల్లగా కాచే కన్నా, బాగా మరిగే నీళ్ళలో గరిటెతో ఒక్కొక్కటిగా దించి, లేదా ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పెట్టి 12 నిమిషాలు ఉడికిస్తే పెంకు సులువుగా వస్తుంది. తీయగానే ఐస్ ముక్కలు వేసిన నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, వెడల్పాటి కొస వైపు తట్టి, నీళ్ళలోనే ఒలవండి. వెడల్పు వైపు గాలి తిత్తి ఉంటుంది కాబట్టి పొర కింద వేలు దూర్చడానికి అక్కడ చోటు దొరుకుతుంది. చాలాసేపు ఉడికితే సొన చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తుంది. అది సొనలోని ఇనుమూ తెల్లసొనలోని గంధకమూ కలవడం వల్ల ఏర్పడుతుంది, హాని లేదు, కానీ ఎర్రటి గుడ్డును కోసినప్పుడు చూడడానికి బాగుండదు. చిట్లిన గుడ్లను సీసాలో వేయకుండా ఆ పూటే కూరలో వాడుకోండి. మా వైపు జొన్నరొట్టెతో ఉల్లిగడ్డ నంజుకుంటాము కదా, ఈ పుల్లని గుడ్డు చక్రాలు ఆ రొట్టెకు చాలా బాగా కలుస్తాయి.

జవాబు: నిమ్మతోట (నకిరేకల్)

మా తోట పంట పేరు ఎత్తారు కాబట్టి నేనూ ఒక మాట రాస్తున్నాను. నిమ్మరసం సిర్కా కంటే పులుపుగా ఉంటుందని నా అభిప్రాయం. సిర్కా ఘాటు చాలా మందికి సరిపడదు. దుకాణపు సిర్కాకు బదులుగా తాటి కల్లును పులియనిచ్చి ఇంట్లో సిర్కా చేసే వాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు, అది వాడితే తప్పేముంది? పెద్దవాళ్ళు వివరించాలి.

జవాబు: నిల్వ పాఠం (సూర్యాపేట)

తమ్ముడూ, మీరన్నది నిజమే, నిమ్మరసం పీహెచ్ సుమారు 2 నుండి 2.5 ఉంటుంది, అది సిర్కాకు తీసిపోదు. కానీ గుడ్ల విషయంలో పరీక్షించి చూసిన కొలతలన్నీ సిర్కాతో చేసినవి. నిమ్మకాయ పులుపు కాయ ముదురును బట్టి, కాలాన్ని బట్టి, చెట్టును బట్టి మారుతుంది. మీ తోటలోనే ఎండాకాలపు కాయకూ వానాకాలపు కాయకూ తేడా మీకు నాకంటే బాగా తెలుసు. అందుచేత సిర్కా కొలత తగ్గించకుండా, రుచి కోసం పైన ఒక కాయ రసం పిండితే అభ్యంతరం లేదు. సిర్కాను పూర్తిగా తీసేసి నిమ్మరసం మాత్రమే పోయమని నేను చెప్పలేను.

కల్లు సిర్కా విషయంలోనూ చిక్కు అదే. అది కమ్మగా ఉంటుంది, కూరల్లోకి, ఉల్లిగడ్డల్లోకి హాయిగా వాడుకోవచ్చు. కానీ అందులో ఆమ్లం 2 శాతమా, 5 శాతమా అన్నది నాలుక చెప్పలేదు. గుడ్లకు కావలసినది రుచి మాత్రమే కాదు, లెక్క కూడా. అలాగే బజారులో గాఢమైన ఎసిటిక్ ఆమ్లం తెచ్చి ఇంట్లో నీళ్ళు కలిపి సిర్కాగా వాడడం కూడా వద్దు. అది చర్మాన్ని కాలుస్తుంది, కొలత తప్పితే గొంతును కూడా.

జవాబు: బోరు నీళ్ళు (మర్రిగూడ)

నీళ్ళు మసకబారడం గురించి ఎవరూ రాయలేదు. మా వైపు బోరు నీళ్ళ కాఠిన్యం ఎలాంటిదో నల్లగొండ వారికి చెప్పనవసరం లేదు, ఒక నెలలో గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. ఆ నీళ్ళలోని సున్నపు లవణాలు సిర్కాలోని ఆమ్లాన్ని కొంత విరిచేస్తాయి, ఊరే నీళ్ళను మసకబారుస్తాయి కూడా. ఉప్పు పట్ల కూడా జాగ్రత్త అవసరం. గడ్డ కట్టకుండా మందు కలిపిన సన్న ఉప్పు వేస్తే నీళ్ళు తేటగా ఉండవు. మీరు దొడ్డుప్పు వేశారు కాబట్టి నాకు నీళ్ళ మీదే అనుమానం, కానీ చెడిపోవడం వల్ల కూడా మసక రావచ్చు, చూసి చెప్పలేము, కాబట్టి పారేయమన్న మాటే సరైనది.

ఈసారి మిషన్ భగీరథ నల్లాలో వచ్చే కృష్ణా నీళ్ళు వాడండి. బోరు నీళ్ళే దిక్కయితే పదిహేను నిమిషాలు మరిగించి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని మాత్రం వంచుకోండి. ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. మరిగిస్తే కాఠిన్యం కొంత తగ్గుతుంది కానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళను వంటకు కూడా వాడకపోవడమే మేలు.

ప్రశ్న అడిగినవారు: నీలగిరి వంటిల్లు (నల్లగొండ)

అందరికీ మనసారా కృతజ్ఞతలు. మొదటి సీసాను ఆ రోజే పారేశాము. ఇంట్లో ఎవరూ తినలేదు. మా అత్తమ్మ మొదట నొచ్చుకున్నారు, అరవై ఏళ్ళుగా తొక్కులు పెడుతున్న చెయ్యి కదా, కానీ సొనలోకి పులుపు చేరడానికి వారాలు పడుతుందన్న సంగతిని చదివి వినిపించగానే ఆమెకు వెంటనే అర్థమైంది. మామిడికాయ ముక్క మూడో నాటికే ఊటలో మెత్తబడుతుందని, గుడ్డు అలా కాదని ఆమే నాకు తిరిగి వివరించారు.

తరువాత పది రోజులు ఫ్రిజ్‌లో ఉంచిన గుడ్లతో, 4 శాతం సిర్కా 450 మిల్లీలీటర్లు, నల్లా నీళ్ళతో తీసిన బీట్‌రూట్ రసం 150 మిల్లీలీటర్లు కొలిచి చేశాను. ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించిన 14 గుడ్లలో ఒక్కటే చిట్లింది. మూడు వారాల తరువాత నిన్న తీసి కోశాము. నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి. రంగు సొన అంచు దాకా దిగింది. పెన్సిల్వేనియాలో తిన్నదానికంటే పులుపు కొంచెం ఎక్కువ అనిపించింది, వచ్చేసారి చక్కెర ఇంకొక చెంచా పెంచుతాను.

ఇంకా రెండు చిన్న సందేహాలు ఉన్నాయి. మధ్యాహ్నం రెండు మూడు గంటలు కరెంటు పోతే ఆ సీసాకు ఏమైనా ప్రమాదమా? గుడ్లు అయిపోయాక మిగిలే ఎర్రటి నీళ్ళలో మళ్ళీ కొత్త గుడ్లు వేయవచ్చా? పారబోయడానికి మనసు ఒప్పడం లేదు.

జవాబు: నిల్వ పాఠం (సూర్యాపేట)

చక్కగా చేశారమ్మా. చక్కెర పెంచుకోవడానికి అభ్యంతరం లేదు, సిర్కా మాత్రం తగ్గించకండి. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంటే లోపలి చల్లదనం సుమారు నాలుగు గంటలు నిలుస్తుంది, కాబట్టి రెండు మూడు గంటలకు భయం లేదు. వడ్డించేటప్పుడు కావలసినన్ని గుడ్లే శుభ్రమైన గరిటెతో తీసి సీసాను వెంటనే లోపల పెట్టండి. బయట ఉంచిన గుడ్లను రెండు గంటల్లో, ఈ ఎండల్లోనైతే గంటలోనే తినేయాలి, మిగిలినవి తిరిగి సీసాలో వేయకూడదు.

ఆ నీళ్ళలో కొత్త గుడ్లు వేయవద్దు. మొదటి గుడ్లు పులుపును పీల్చుకున్నాయి కాబట్టి అందులో ఆమ్లం ఇప్పుడు ఎంత మిగిలిందో మనకు తెలియదు. అడుగున ఉన్న బీట్‌రూట్ చక్రాలను పెరుగన్నంలో నంజుకోండి, ఆ ఎర్రటి నీళ్ళను సన్నగా తరిగిన ఉల్లిగడ్డల మీద రెండు చెంచాలు చల్లుకుని ఆ పూటకు ఆ పూటే తినండి. కొత్త గుడ్లకు కొత్త సిర్కానే కొలిచి పోయండి.